బోర్డు పిలుపు వచ్చేదాకా సుడోకు

నాకు సుడోకు అంటే మొదటినుంచీ ఒళ్ళు మంట. పేపరు వెనకపేజీలో ఆ గడుల డబ్బా కనబడగానే, పనీపాటా లేనివాళ్ళ కోసం ఇంత చోటు పాడు చేస్తున్నారని తిట్టుకునేదాన్ని. ఆ చోటులో నాలుగు ఉద్యోగ ప్రకటనలు వేస్తే నాలాంటివాళ్ళకు పనికొచ్చేవి కదా అని నా ఏడుపు. అలాంటిదాన్ని నెలల తరబడి ప్రతి పొద్దునా ఆ డబ్బా ముందు కూర్చున్నాను. సరదా పుట్టి కాదు, మా బాపుకు మాట పడిపోయింది కాబట్టి.

బాపు నస్పూర్ దగ్గర ఒక బొగ్గుబాయి మీద, ల్యాంప్ రూమ్‌లో పనిచేసేవాడు. బాయిలో దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరుతో ఒక లైటు ఉంటాయి. దిగేముందు కిటికీ దగ్గర నంబరు చెప్పి లైటు తీసుకోవాలి, పైకి రాగానే తిరిగి ఇవ్వాలి. షిఫ్టు అయిపోయాక అరలో ఎవరి లైటు చోటు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. ఒకరి లైటు ఇంకొకరికి పోతే, పైకి రానివాడు కూడా వచ్చినట్టు లెక్కలోకి పోతాడు. అందుకని నంబర్ల విషయంలో బాపు ఎవరినీ నమ్మేవాడు కాదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డవాళ్ళను పేరుతో కాక నంబరుతో పలకరించి, అవ్వ చేత, అదే మా అమ్మ చేత, చీవాట్లు తినేవాడు.

వానాకాలం చివర్లో ఒక పొద్దున డ్యూటీకి తయారవుతూ, చొక్కా గుండీ పెట్టుకోబోయి మంచం మీద కూలబడ్డాడు. కరీంనగర్ దాకా అంబులెన్సులో అవ్వ ఒక చేత్తో బాపు తల పట్టుకుని, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. ప్రాణం దక్కింది. కుడికాలు ఈడుస్తూ నడక వచ్చింది. కుడిచెయ్యి సగం వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఏమడిగినా 'గదే' అంటాడు. నీళ్ళు కావాలా అంటే గదే. నొప్పి ఉందా అంటే గదే. కోపం వస్తే గదే గదే గదే అని మంచంపట్టె మీద కొడతాడు. మేం చెప్పేది అర్థమవుతుందో లేదో మాకు తెలియదు. డాక్టర్లు కూడా ఇప్పుడే చెప్పలేమన్నారు.

కరీంనగర్ దవాఖానలో మాటలు నేర్పే మేడమ్ ఒకామె ఉండేది. నాకంటే చిన్నదే. ఆవు బొమ్మ, చెంచా బొమ్మ చూపిస్తే బాపు మొహం తిప్పుకున్నాడు. అంకెల అట్టముక్కలు ముందర పోస్తే మాత్రం ఎడమచేత్తో వాటిని వరసగా పేర్చాడు. ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"అక్షరాలు పోయినయి గని అంకెలు ఉన్నయక్కా. పేపర్ల సుడోకు వస్తది సూడుండ్రి, దానికి మాటతోని పని లేదు. రోజు ఒకటే టైముకు, ఒకటే జాగల కూసోబెట్టి చేయించుండ్రి. చెయ్యకున్నా ముంగట పెట్టుండ్రి. మొదటి ఏడాదే ముఖ్యం. ఇడిసిపెడితే ఉన్నది గూడ పోతది."

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. ఇంటికి రాగానే పేపరు వేయించుకోవడం మొదలుపెట్టాను.

కంపెనీ ఇచ్చిన క్వార్టర్ వరండాలో నులకమంచం, పక్కన స్టూలు. చాయ్ తాగాక, మొదటి షిఫ్టు బస్సులు పోయి రోడ్డు సద్దుమణిగాక కూర్చోవాలని పెట్టుకున్నాను. మొదటిరోజు పెన్ను చేతికిస్తే మోరీలోకి విసిరేశాడు. కడిగి మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ విసిరేశాడు. రెండోరోజు పేపరు చింపాడు. అవ్వ నామీద లేచింది.

"బువ్వ సక్కగ నోట్లకు పోతలేదు మనిషికి. నువ్వేమో పరీక్షలు పెట్టవడితివి. సంపుతవా ఏంది?"

నేను వినలేదు. మొండితనంలో నేను బాపు కూతుర్నే. బాపు రోడ్డు వైపు చూస్తూ కూర్చుంటే, పక్కన నేనే పైకి చదువుతూ నింపేదాన్ని. "ఈ వరుసల రెండు ఉన్నది బాపు, ఈ డబ్బాల లేదు." గోడతో మాట్లాడినట్టే ఉండేది. పైగా నాకు ఆ ఆట రాదు. సగం దాకా వచ్చి చిక్కుపడి, పేపరు మడిచి పారేసి, లోపలికి పోయి అన్నం గిన్నె మీద నా కోపమంతా చూపించేదాన్ని. పోరి పిచ్చిదైందని ఎదురిళ్ళవాళ్ళు అనుకునే ఉంటారు.

అలా ఎన్ని పొద్దులు గడిచాయో లెక్కపెట్టలేదు. ఒకరోజు కుక్కర్ కూత వేస్తే స్టవ్ ఆపడానికి లోపలికి పోయి వచ్చాను. నేను చేతకాక వదిలేసిన ఒక గడిలో నాలుగు ఉంది. వంకరగా, ఎడమచేతి రాత. వరుస చూశాను, నిలువు చూశాను, డబ్బా చూశాను. ఎక్కడా ఇంకో నాలుగు లేదు, సరిగ్గా ఉంది. బాపు ఏమీ ఎరగనట్టు రోడ్డు వైపు చూస్తున్నాడు. "అవ్వా, అవ్వా" అని నేను పెట్టిన కేకకు పక్క క్వార్టర్ వాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

అక్కడినుంచి బాపు మారాడు. పేపరు పడ్డ చప్పుడు కాగానే బాపు మంచం మీద లేచి కూర్చునేవాడు. నేను ఆలస్యం చేస్తే స్టూలు మీద అరచేత్తో కొట్టేవాడు. నేను ఊహించి ఏదో అంకె రాయబోతే నా పెన్ను పట్టుకుని ఆపేవాడు. తేలనిదాన్ని ఖాళీగా ఉంచాల్సిందే, అందాజుగా రాయడం ఆయన దగ్గర కుదరదు. ఒక్క గడి మిగిలినా అన్నానికి లేచేవాడు కాదు. కొన్నాళ్ళకు మొత్తం డబ్బా తనే నింపి, నాకు చూపించి, పెన్ను జేబుకు పెట్టుకునేవాడు. ఆ జేబుకు పెట్టుకోవడం చూస్తే నాకు పాత బాపు కనిపించేవాడు.

ఇక్కడే మా కష్టం మొదలైంది. బొగ్గుబాయిల దగ్గర పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ మిగతావాళ్ళ కోసం చెబుతాను. జబ్బుపడ్డ కార్మికుణ్ణి కంపెనీ మెడికల్ బోర్డు పరీక్షించి, ఇక పనికిరాడని అన్‌ఫిట్ రాస్తే, ఆ ఇంట్లో పిల్లల్లో ఒకరికి నౌకరి ఇస్తారు. పనికొస్తాడని ఫిట్ రాస్తే ఆయనే మళ్ళీ డ్యూటీకి పోవాలి. అన్‌ఫిట్ మీద నౌకరి రావాలంటే బాపుకు ఇంకా సర్వీసు మిగిలి ఉండాలి, నాకు వయసు దాటకూడదు. రెండూ అంచు మీదే ఉన్నాయి. నేను ఒక్కతే సంతానం. ఇచ్చోడలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే పని ఊడిపోయి ఇంట్లో కూర్చున్నాను. బాపు రిటైరైతే క్వార్టర్ కూడా ఖాళీ చేయాలి. బోర్డు మాకు ఒక్కసారే దొరికే దారి.

ఇందులో సిగ్గుపడటానికి ఏముందో నాకు తెలియదు, నాకు ఆ నౌకరి కావాలి. ఎంత కావాలంటే, కంపెనీ బస్సు ఎక్కే ఆడవాళ్ళను చూస్తే కడుపులో మండేది. అలాగని బాపు పెన్ను జేబుకు పెట్టుకోవడం కూడా నాకు కావాలి. ఒకటి పెరిగితే ఇంకోటి తరిగేటట్టు ఉంది. అడకత్తెరలో పోకచెక్క అంటారు కదా, మా ఇంట్లో ముగ్గురం అదే.

ఎదురింటి కాక ఒకాయన ఉన్నాడు. తను అన్‌ఫిట్ అయి, కొడుకును నౌకరిలో పెట్టి, ఇప్పుడు కాలనీకంతా సలహాలు చెప్పి బతుకుతున్న మనిషి. ఒక పొద్దున వచ్చి వరండాలో కుర్చీ వేసుకుని, బాపు సుడోకు నింపుతుంటే కాసేపు చూశాడు.

"గిదేంది బిడ్డా, గిట్ల మంచిగ తయారు చేస్తున్నవ్ మీ బాపును? బోర్డు ముంగట గిట్లనే కూసుంటే కొంప మునుగుతది. కాలు, చెయ్యి సూసి రాసుడు కాదు. ల్యాంప్ రూమ్ అంటే కూసుండి చేసే పని. దిమాక్ నడుస్తున్నదా లేదా అని సూస్తరు. ఏదడిగినా తప్పే జెప్పాలె. జర గీ పేపర్ బంద్ పెట్టు."

"బంద్ పెడితే ఉన్నది గూడ పోతదన్నది కాక, కరీంనగర్ మేడమ్."

"నౌకరి వచ్చినంక నేర్పుకో. ఎవ్వలు వద్దన్నరు?"

బాపు మా ఇద్దరి నడుమ కూర్చున్నాడు. తల ఎత్తలేదు. ఆయనకు మా మాటలు వినబడుతున్నాయని మాకు ఎవరికీ తోచలేదు. మంచం, స్టూలు, బాపు అన్నట్టు మాట్లాడుకున్నాం.

కాక పోయాక అవ్వ కూడా అదే పాట ఎత్తుకుంది. అవ్వది ఇంకో తంటా. ప్రతి ఆదివారం చర్చిలో పాస్టర్ గారు బాపు కోసం ప్రార్థన చేయించేవారు. సంఘమంతా లేచి నిలబడి స్వస్థత ఇమ్మని అడిగేది. అవ్వ మాత్రం పెదవులు కదపకుండా నిలబడేది.

"బాగు చెయ్యమని అడిగితే నీ నౌకరి పోతది. చెయ్యద్దని దేవుణ్ణి ఏ నోటితోని అడగాలె? ఇంతమంది అడుగుతున్నరు, ఆయన తప్పకుంట ఇంటడు గద బిడ్డా. నాకు పరేషానైతుంది."

నేను నవ్వాను. నవ్వు అయ్యేలోపలే ఏడుపొచ్చింది. అవ్వ వయసులో, అంత భక్తి ఉన్న మనిషికి, దేవుడు వింటాడేమోనని భయం పట్టుకుంది.

బోర్డు పిలుపు వచ్చింది. ఆ మర్నాటినుంచి పేపరు పడలేదు. అవ్వే ఆపించింది. బాపు చాయ్ తాగి, మంచం మీద సర్దుకుని, గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎండ వరండాలోకి వచ్చేదాకా చూశాడు. మర్నాడూ చూశాడు. ఆ తర్వాత చూడటం మానేశాడు. అన్నం కలిపి పెడితే నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు. గదే అనడం కూడా తగ్గిపోయింది. అవ్వ చూసీ చూడనట్టు తిరిగింది. నేనూ అలాగే తిరగాలని చూశాను. కొన్నాళ్ళే కదా, నౌకరి వచ్చాక రోజుకు రెండు చేయిస్తానని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక పొద్దున చూస్తే బాపు వరండా గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. ముగ్గుపిండి డబ్బా పక్కన ఉంది. ఎడమచేత్తో గచ్చు మీద గీతలు గీశాడు. అడ్డం, నిలువు, వంకర టింకరగా. గీతలైతే గీశాడు గానీ లోపల పెట్టడానికి అంకెలు ఎవరూ ఇవ్వలేదు. ఖాళీ గడులను చూస్తూ కూర్చున్నాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా చౌరస్తాలో చాయ్ హోటల్ దాకా పోయి, అక్కడివాళ్ళు చదివిన పేపరు అడుక్కుని తెచ్చాను. అవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రేపు ఎవ్వలింట్ల ఉంటవే? నీ బతుకేం గావాలె? నాకు ఆయన అక్కర లేదనుకుంటున్నవా?"

"ఏమన్న గానియ్ అవ్వ. గిట్ల సూడలేను."

బాపు పెన్ను పట్టుకుని మొదటి గడి నింపేదాకా అవ్వ అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి పోయి తలుపు మూసుకుంది. ఆ రోజునుంచి బోర్డు రోజు దాకా ఆమె నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. నేను ఆమెను తప్పు పట్టను, నాకూ నామీద కోపంగానే ఉంది.

కంపెనీ పెద్దాసుపత్రిలో ఆ పొద్దున వరండా నిండా మనుషులే. కర్రలు పట్టుకున్నవాళ్ళు, కళ్ళకు పట్టీలు కట్టుకున్నవాళ్ళు, వాళ్ళ వెనక మంచి బట్టలేసుకున్న కొడుకులు. అందరి మొహాల్లో ఒకటే భయం, తండ్రి బాగున్నట్టు కనబడతాడేమోనని. మా వంతు వచ్చింది. మాట రాదు కాబట్టి నన్నూ లోపలికి రానిచ్చారు. అవ్వ బయట బెంచీ మీద కూర్చుంది.

బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. కుడిచెయ్యి లేపమన్నారు, నడవమన్నారు, పేరు అడిగారు. బాపు గదే అన్నాడు. నడుమ కూర్చున్న పెద్దాయన కాగితం ముందుకు జరిపి పెన్ను ఇచ్చాడు.

"ల్యాంప్ రూమ్ కదా నీది? నేను నంబర్ చెప్తా, రాయి. నాలుగు వందల ముప్పై ఏడు."

బాపు పెన్ను ఎడమచేతిలోకి తీసుకున్నాడు. రాయలేదు. తల తిప్పి నావైపు చూశాడు. జబ్బుపడ్డాక ఇన్ని నెలల్లో ఆయన నన్ను అలా చూడలేదు. చిన్నప్పుడు జాతరలో నేను ఏదైనా బొమ్మ ముందు నిలబడిపోతే, కొనాలా అన్నట్టు చూసేవాడు, అదే చూపు. తర్వాత కాగితం మీదికి వంగి నాలుగు, ఏడు, మూడు రాశాడు.

ఆయనకు తప్పు రావడం కాదు అది. ఇంట్లో అంతకంటే కష్టమైనవి ఎన్నో నింపాడు. కాక మాటలు విన్నాడు, అవ్వ మాటలు విన్నాడు, గుమ్మం దగ్గర మా కొట్లాట విన్నాడు. అంతా అర్థమయ్యే కూర్చున్నాడు. మా బాపు మొత్తం లోపలే ఉన్నాడు, నాకు నౌకరి ఇప్పిస్తున్నాడు.

పెద్దాయన ఆ నంబరు చూసి, పక్కాయనతో ఏదో అని, తన కాగితాల మీద రాయడానికి పెన్ను మూత తీశాడు. అంతే, ఇంకొక్క నిమిషం ఆగితే అయిపోయేది. బాపు తను రాసిన కాగితాన్నే చూస్తున్నాడు. మెడ మీద చెమట పట్టింది. బాపూ వద్దు, అలాగే ఉండనియ్యి అని నా లోపల నేను అరుస్తున్నాను. నోరు తెరిస్తే ఇద్దరం దొరికిపోతాం. ఆయన ఎడమచేయి చాపి ఆ కాగితాన్ని బల్ల మీంచి లాక్కుని, నాలుగు వందల డెబ్బై మూడును రెండుసార్లు అడ్డంగా కొట్టేసి, కింద పెద్దగా నాలుగు, మూడు, ఏడు రాశాడు.

పెద్దాయన ఆగి చూశాడు. ఇంకో నంబరు చెప్పాడు, ఇంకోటి చెప్పాడు. అన్నీ సరిగ్గా రాశాడు. రాస్తూ రాస్తూ ఏడుస్తున్నాడు. జబ్బు తర్వాత ఇలా ఏడుపు రావడం మామూలేనని ఒక డాక్టరు నాకు నెమ్మదిగా సర్ది చెప్పాడు.

"నంబర్లు మంచిగనే గుర్తుపడుతున్నాడమ్మా. కూర్చుని చేసే పనే కదా. ఫిట్ రాస్తున్నాం, సోమవారం జాయిన్ చేయించు. అదృష్టవంతులు మీరు," అన్నాడు పెద్దాయన.

బయట అవ్వ నా మొహం చూసి ఇక అడగలేదు. బాపు ఆమె ముందుకు పోయి నిలబడి, ఎడమచేత్తో తన చెంప మీద తనే కొట్టుకున్నాడు. ఒకసారి కాదు. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని మళ్ళీ కొట్టుకున్నాడు. వరండాలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు. పిచ్చి కూడా ఉన్నట్టుంది, అన్‌ఫిట్టే అయి ఉంటుందని ఎవరో కుళ్ళుకున్నారు. అవ్వ కొంగుతో ఆయన మొహం తుడిచి, "ఊకో, ఊకో అయ్యా, నువ్వేం జేస్తవ్" అని చంటిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుంది.

మర్నాడు పేపరు పడింది. ఈసారి అవ్వే మొదలుపెట్టించింది, సోమవారం డ్యూటీకి చెయ్యి తిరగాలని. బాపు ముందు పెట్టాను. ముట్టుకోలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పెన్ను చేతికిస్తే మోరీలోకి విసిరేసినా బాగుండేది, మంచం మీద పెట్టేశాడు. అప్పుడు నాకు ఒకటి తోచింది. తప్పును చూస్తే ఊరుకోలేని మనిషి కదా అని, ఒక వరుసలో అప్పటికే ఆరు ఉండగా ఖాళీ గడిలో ఇంకో ఆరు రాశాను. గుడ్డివాడికి కూడా కనబడే తప్పు. పేపరును ఆయన ఒళ్ళో పెట్టి పక్కన కూర్చున్నాను.

చూశాడు. రెండు ఆర్ల మీదా చూపు ఆగడం నేను చూశాను. ఎడమచేయి కొంచెం లేచింది. పేపరును రెండు మడతలు పెట్టి, స్టూలు మీద ఉంచి, చేయి ఒళ్ళోకి తీసుకున్నాడు.

తెలిసే వదిలేశాడు. ఎల్లుండి సోమవారం. ఆ కిటికీ వెనక కూర్చుని బాయిలో దిగేవాళ్ళకు లైట్లు ఇవ్వాలి ఈయన. అక్కడ ఒక్క తప్పు ఇలాగే వదిలేస్తే, కింద ఉండిపోయినవాడు పైకొచ్చినట్టు లెక్కలోకి పోతాడు. నేను మడతలు విప్పి పేపరును మళ్ళీ ఒళ్ళో పెట్టాను. పెన్ను వేళ్ళ నడుమ పెట్టి, నా చేత్తో మూసి పట్టుకున్నాను. నాకు నౌకరి వద్దు బాపు, నిజంగా వద్దు, గిదొక్కటి దిద్దు, దిద్దు బాపు అని ఆయన మోకాళ్ళు పట్టుకుని ఏడ్చాను.